ముందు బాయిలర్‌కి, తర్వాతే మనిషికి

మా అనంతపురంలో ఎవరికైనా నేవీలో చేశానని చెబితే రెండే ప్రశ్నలు వస్తాయి. యుద్ధం చూశావా? కేంటీన్‌లో ఒక బాటిల్ ఇప్పిస్తావా? రెండోదానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మొదటిదానికి "లేదప్పా" అన్నామంటే మాత్రం అంతే, మాట వెంటనే వానల మీదికో శెనక్కాయల ధర మీదికో మళ్ళిపోతుంది. పదిహేనేళ్ళు ఏం చేశావురా అని అడిగినవాళ్ళు తక్కువ. అందుకే అడక్కపోయినా ఇక్కడ రాస్తున్నా.

మా జిల్లాలో ఆర్మీవాళ్ళు కనిపించినంతగా నేవీవాళ్ళం కనిపించం. సముద్రం చూడాలంటేనే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు మాది. ఉన్న కొద్దిమందిమీ ఏటా డిసెంబరు 4న, నేవీ డే నాడు, ఎవరో ఒకరి ఇంటి మిద్దె మీద కలుస్తాం. 1971లో ఆ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ రేవు మీద దాడి చేశాయి కాబట్టి ఆ తేదీ. ఆడవాళ్ళు ఓళిగలు చేసుకొస్తారు. మాలో నిజంగా ఆ యుద్ధం నాటి మనిషి ఒక్కడే ఉండేవాడు, గుత్తి పెద్దాయన. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన రాత్రి ఆయన వైజాగ్‌లో డ్యూటీలో ఉన్నాడట. కథ కోసం మేమంతా నోరు తెరుచుకుని కూర్చుంటే ఆయన చెప్పేది ఇంతే: "పెద్ద శబ్దం ఇనపడ్య. ఏందో తెలీలే. తెల్లారినాక చేపలు పట్టేటోళ్ళు ఏవో సామాన్లు దొరికినాయని తెస్తే అప్పుడు తెలిసె." ఆ తర్వాత ఆయన మాట్లాడేదంతా ఆ నెలలో మెస్‌లో కూరగాయలు సరిగా రాలేదని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు చూస్తే నేను కూడా అంతే. మేం నలుగురం కూర్చుంటే దొర్లే మాటలు మూడే: నీళ్ళు, నిద్ర, వేడి.

నేను 1986లో చేరాను. ఒరిస్సాలో చిల్కా సరస్సు ఒడ్డున ఐఎన్ఎస్ చిల్కా, అక్కడ మొదటి ట్రైనింగ్. ఈత రాదు నాకు. మా ఊళ్ళో బావులున్నాయి, నీళ్ళుంటే కదా ఈత కొట్టేది. ఈత టెస్టు పాసైతే తప్ప వదిలిపెట్టరు, అక్కడే నేర్చుకున్నా. తర్వాత లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీలో ఇంజనీరింగ్ ట్రైనింగ్, ఆ తర్వాత కొన్నాళ్ళకి ఓడ మీదికి డ్రాఫ్ట్, అంటే పోస్టింగ్, వచ్చింది. ఓడ పేరు ఐఎన్ఎస్ గంగ. ఉత్తరంలో ఆ పేరు చదివి మా అమ్మ వీధంతా చెప్పుకుందట: "బోరు మీద బోరేసినా మా సేన్లో గంగ పడకపాయ, మావోనికి ఉద్యోగమే గంగలో పడె." ఆమెకి నా అడ్రసు అర్థమయ్యేది కాదు. ఓడ ఏ దేశం పక్కన ఉన్నా ఉత్తరం మాత్రం ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి అనే రాయాలి. "వాడు బొంబాయిలోనే ఉండాడు, సముద్రం మింద ల్యాడు" అని తనకి తాను ధైర్యం చెప్పుకునేది.

గంగ స్టీమ్‌తో నడిచే ఫ్రిగేట్, అంటే ఒక రకం యుద్ధనౌక. గోదావరి, గోమతి, గంగ, మూడూ ఒకే తరహా ఓడలు, ముంబై మజగావ్ డాక్‌లో కట్టినవి. స్టీమ్ ఓడ అంటే కింద బాయిలర్లుంటాయి, వాటిలో నీళ్ళు ఆవిరై టర్బైన్లు తిప్పుతాయి. మేం స్టోకర్లం, ఆ బాయిలర్లు చూసుకునేవాళ్ళం. బాయిలర్ రూమ్‌లో వేడి యాభై డిగ్రీలు దాటేది. పంజాబ్ కుర్రాళ్ళు, కేరళ కుర్రాళ్ళు మొదటి వారం వాడిపోయేవాళ్ళు. మే నెలలో మిట్టమధ్యాహ్నం శెనక్కాయ చేన్లో పని చేసిన నన్ను చూసి మా పెట్టీ ఆఫీసర్, "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావురా?" అని అడిగాడు. చెప్పాను. మ్యాపులో వెతుక్కుని, "ఇక్కడ సముద్రమేది?" అన్నాడు.

చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి చుక్క దొరకని చోటు అది. మంచినీళ్ళు ఓడలోనే తయారు చేసుకోవాలి. దానికి ఎవాపరేటర్లుంటాయి. లోపల వాక్యూమ్ ఉంచితే సముద్రపు నీళ్ళు నూరు డిగ్రీలకి చేరకముందే మరుగుతాయి, ఆ ఆవిరిని చల్లబరిస్తే ఉప్పు లేని నీళ్ళొస్తాయి. వచ్చిన నీళ్ళలో మొదటి వాటా బాయిలర్‌ది. మిగిలితే వంటకి, తాగడానికి. ఇంకా మిగిలితే స్నానానికి. బయట రోజుల తరబడి సెయిలింగ్‌లో ఉన్నప్పుడు ఎవాపరేటర్ మొరాయించిందా, స్నానాల కుళాయి గంటల లెక్కన కట్టేసేవాళ్ళు. ఉప్పునీళ్ళతో ఒళ్ళు కడుక్కుంటే సబ్బు నురగ రాదు, ఆరాక చర్మం చిటపటలాడుతుంది. పై డెక్కుల వాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళు. నీళ్ళ కోసం బిందెలు వరసలో పెట్టి కొట్టుకునే ఊరి నుంచి వచ్చి, ఇక్కడ నీళ్ళు ఆపేవాణ్ణి నేనే అయ్యాను.

బాయిలర్ నీళ్ళని టెస్టు చేయడం నాకు చాలా ఇష్టమైన పని. గాజు గొట్టంలో కొంచెం నీళ్ళు తీసుకుని సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. నీళ్ళు అద్దంలా ఉంటే సరే. చుక్క పడిన చోట పాలు కలిసినట్టు సన్నటి తెల్లదారం కదిలిందంటే ఎక్కడో ఉప్పు కలిసిందన్న మాట. ఆవిరిని సముద్రపు నీళ్ళతో చల్లబరిచే కండెన్సర్‌లో ట్యూబు ఒకటి కారుతుండొచ్చు. ఆ దారం కనబడితే మిడిల్ వాచ్‌లో, అంటే అర్ధరాత్రి నుంచి నాలుగు వరకు ఉండే డ్యూటీలో, ఎవరికీ నిద్ర ఉండదు. మనిషి తాగే నీళ్ళలో కాస్త ఉప్పున్నా ఏమీ కాదు. బాయిలర్ మాత్రం ఓర్చుకోదు, లోపల ట్యూబుల్ని ఉప్పు తినేస్తుంది.

1994 డిసెంబరులో సోమాలియా నుంచి మన సైన్యం వెనక్కి వచ్చేటప్పుడు గంగ, గోదావరి, శక్తి ఓడలు అక్కడి కిస్మాయో రేవుకి వెళ్ళాయి. సోమాలియా ఎట్లుంది అని మా వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. బాయిలర్ రూమ్ లాగే ఉంది. స్టోకర్‌కి ఏ దేశమైనా అంతే, వాచ్ అయ్యాక పైకొచ్చి గాలి పీల్చుకునేసరికి చీకటి పడి ఉంటుంది.

మాలో ఇంకొకాయన, తాడిపత్రి అన్న, పడింది ఇంకా పెద్ద కష్టం. ఆయన సబ్‌మెరైనర్, కుర్సురా అనే సబ్‌మెరైన్‌లో చేశాడు. మాకు కనీసం ఉప్పునీళ్ళ స్నానం ఉండేది, వాళ్ళకి లోపలున్నన్నాళ్ళు అదీ లేదు. టార్పెడోల పక్కనే పడక. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి బంకులోనే ఇంకొకడు పడుకోవాలి. కుర్సురా 2001లో రిటైరై ఆ మరుసటేడు వైజాగ్ బీచ్‌లో మ్యూజియం అయింది కదా. మనవళ్ళని తీసుకుని ఈయన వెళ్ళాడు. అక్కడ గైడులు కూడా రిటైరైన సబ్‌మెరైనర్లే. ఈయన టికెట్ కొనుక్కుని, ఏమీ మాట్లాడకుండా లైన్లో నడుస్తూ, గుండ్రటి తలుపు దగ్గరికి రాగానే మామూలుగా తల వంచి, కాలు ఎత్తి, చేత్తో పైన కడ్డీ పట్టుకుని ఒక్క ఊపులో దూరాడట. వెనకాల గైడు, "ఏ బ్యాచ్ సార్?" అన్నాడట. టూరిస్టులు అక్కడ మొదట తల పెడతారు, తెలిసినవాడు మొదట కాలు పెడతాడట. మనవడు మాత్రం, "తాతా, ఇంత చిన్న దాంట్లో బాత్రూమ్ యాడుంది?" అని అడిగాడని చెప్పి ఆయనే పగలబడి నవ్వాడు.

అసలు ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. పదిహేనేళ్ళ సర్వీసుకి పెన్షన్‌తో బయటకొస్తే నాకు 33 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకి 14.5 శాతం, సబ్‌స్టాఫ్‌లో 24.5 శాతం కోటా ఉంది. మావాళ్ళు కొందరు అట్లా స్థిరపడ్డారు. నాకు కౌంటర్ వెనక కూర్చునే ఓపిక లేదు. బాయిలర్ పని వెతుకుదామంటే బయట బాయిలర్ అటెండెంటుకి వేరే సర్టిఫికెట్ ఉండాలి, ఉన్నా అనంతపురంలో బాయిలర్లెన్ని? సెక్యూరిటీ గార్డుగా అడిగినవాళ్ళు చాలామంది. మాజీ సైనికుడు అనగానే గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే మనిషి గుర్తుకురావడం నాకు ఇప్పటికీ మండుతుంది.

చివరికి వాటర్ ప్లాంటు పెట్టాను. పంపు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, మెంబ్రేన్. లోపలికి వెళ్ళగానే చేతులకి అన్నీ తెలిసినట్టే ఉన్నాయి. ఓడలో ఉప్పు పట్టే సాలినోమీటరు, ఇప్పుడు నీళ్ళలో కరిగిన ఉప్పులెన్నో చూడ్డానికి జనం జేబులో పెట్టుకొచ్చే టీడీఎస్ పెన్ను, రెండూ నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసే లెక్కలు చెబుతాయి. కస్టమర్లు పెన్ను ముంచి, "నీది ఎనభై, అవతలోనిది నలభై, వాడిదే మంచిది" అంటారు. మా జిల్లాలో చాలాచోట్ల భయం టీడీఎస్ కాదు, ఫ్లోరైడ్. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా, అంతే. ఆ పెన్ను ఫ్లోరైడ్ చూపించదు. ల్యాబుకి పంపాల్సిందే. ఇది చెప్పి చెప్పి గొంతు పోయింది గానీ, పెన్ను మీద నమ్మకం మాత్రం పోలేదు.

గుత్తి పెద్దాయన పోయినేడు కాలం చేశాడు. ఆయన భార్యకి ఫ్యామిలీ పెన్షన్ రావడానికి నెలలు పట్టింది. సర్వీసు రికార్డులో ఆమెది పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తగారింట్లో పిలిచిన పేరు. ఒక ఆఫీసులో ఇంకో కాగితం తెమ్మన్నారు, అక్కడికి పోతే మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. చివరికి రెండు పేర్లూ ఒక మనిషివేనని అఫిడవిట్ చేయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ముంబై మాన్‌ఖుర్ద్ చీతా క్యాంప్‌లో నేవీవాళ్ళ రికార్డులు చూసే బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి కాగితాలు పంపితే దారిలో పడింది. ఆమె కాగితాలన్నీ ఆయన పాత కిట్ బ్యాగులోనే పెట్టుకుని తిరిగింది. మావాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఈ రోజే పెన్షన్ ఆర్డరు తీసి అందులో భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే మీరు బతికుండగానే దిద్దించండి, మీ సంతకానికి ఉండే బలం ఆమె అఫిడవిట్‌కి ఉండదు.

మొన్న మా వీధి కుర్రాడు అగ్నివీర్‌గా నేవీకి సెలెక్టయ్యాడు. చిల్కాకే పోతున్నాడు. "అన్నా, నాలుగేళ్ళే కదా, ఆపైన ఉంచుకుంటారో లేదో, పోవాల్నా వద్దా?" అని అడిగాడు. పో అన్నాను. చేతికి పని నేర్పే బ్రాంచి దొరికితే పట్టుకో, ప్రతి కోర్సు సర్టిఫికెట్‌కీ రెండు జిరాక్సులు ఇంటికి పంపు అన్నాను. ఈతొచ్చా అంటే తల అడ్డంగా ఊపాడు. వాళ్ళమ్మ పక్కనే ఉంది, "నీళ్ళుంటే కదన్నా నేర్చుకునేది" అంది.