నడుము దగ్గర పిస్తోలు, మిల్లులో తవుడు

మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో వడ్ల డబ్బును నోట్లలోనే చెల్లించే రోజుల్లో, కోతల సీజనులో రాత్రిళ్లు తిరగవలసి వచ్చేది కనుక, మా నాన్నగారు .32 రివాల్వరుకు లైసెన్సు తీసుకున్నారు. ఆరేళ్ల కిందట నేను చిన్న పిస్తోలు కొన్నాను. తొమ్మిది మిల్లీమీటర్లది మన దేశంలో మామూలు లైసెన్సుదారుకు నిషిద్ధ బోరు (గొట్టం లోపలి వెడల్పు) కాబట్టి, నాదీ .32 బోరే. పేరు ఒకటే అయినా నాన్నగారి రివాల్వరు తూటా నా పిస్తోలుకు పనికిరాదు.

కొనేటప్పుడు నా ధ్యాసంతా ఎట్లా పేలుతుందన్న దాని మీదే ఉండేది. కొన్న తరువాత ఎట్లా దాచాలన్నదే రోజువారీ సమస్య అయింది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం పిస్తోలును బహిరంగ స్థలంలో హోల్‌స్టరు అనే ఒరలోనో సంచిలోనో, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉంచుకొని తీసుకువెళ్లాలి. అందువల్ల దాచడం మన ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు. రివాల్వరుకు తూటాల చక్రం మందంగా ఉంటుంది కనుక చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతుంది. పిస్తోలు బల్లపరుపుగా ఒంటికి అతుక్కుంటుంది. అయినా వంగినప్పుడు వెనుక నుంచి పిడి ఆనవాలు పడుతుంది. మొదటి నెలలోనే ఒక ముసలి రైతు నా నడుము వైపు చూసి, "ఏంది సేటూ, నడుముకు పట్టీ ఏసుకున్నరా? నొప్పి లేసిందా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ వారమే చెప్పులు కుట్టే ఆయనతో రెండు పొరల తోలు బెల్టు కుట్టించుకున్నాను. మామూలు బెల్టు బరువుకు కిందికి జారుతుంది, ఇది జారలేదు. పిస్తోలు మీద పెట్టిన ఖర్చంతటిలో నాకు బాగా అక్కరకు వచ్చినది ఈ బెల్టే.

ఇక మిల్లు సంగతి. ఉప్పుడు బియ్యం ఉడికించే చోట ఆవిరి, పాలిష్ పట్టే చోట తవుడు దుమ్ము ఎప్పుడూ ఉంటాయి. పిస్తోలుకు నూనె ఎక్కువ పూస్తే ఆ దుమ్ము దానికి అంటుకొని, స్లైడు (పైన ముందుకూ వెనక్కూ కదిలే ఇనుప భాగం) జారే గాడిలో ముద్దగా గట్టిపడుతుంది. నూనె పూయడం మానేస్తే చెమట ఉప్పు ఇనుమును తింటుంది. ఒక ఆగస్టు రాత్రి పిడి పలకలు విప్పి చూస్తే, మర తల చుట్టూ కుంకుమ చల్లినట్టు ఎర్రటి చుక్కలు కనిపించాయి. అప్పటి నుంచి పాత పంచె గుడ్డకు రెండు చుక్కల నూనె అద్ది, రాసి, మళ్లీ పొడి గుడ్డతో తుడిచేస్తున్నాను. తుడిచేసిన తరువాత మిగిలే తడి చాలు.

గురి విషయంలో కూడా చిన్నదనానికి మూల్యం ఉంది. ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం తక్కువ కాబట్టి, మణికట్టు కాస్త కదిలినా పది మీటర్ల అవతల కాగితం మీద జానెడు తేడా వస్తుంది. పైగా స్లైడును ముందుకు నెట్టే స్ప్రింగు బిగువుగా ఉంటుంది. మా నాన్నగారు ఒకసారి లాగి చూసి, ఆ వయసు చేతులకు అది లొంగక, తన రివాల్వరే మేలన్నారు. తూటా పేలకపోతే మరోసారి మీట నొక్కితే చక్రం తిరిగి తరువాతి తూటా వస్తుందన్నది ఆయన వాదన. మిల్లులో తిరిగేవాడికి ఆ మాట నిజమేనని ఇప్పుడు నాకూ అనిపిస్తుంది. 2014లో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కార్ఖానా తెచ్చిన అరకిలో బరువున్న నిర్భీక్ లాంటి తేలిక రివాల్వరు అయితే స్లైడు బిగువు, తవుడు దుమ్ము చిక్కులు రెండూ తగ్గేవేమో.

ఎన్నికలు వస్తే, అధికారులు అడిగితే పిస్తోలును డిపాజిట్ చేయాలి. 2023 నవంబరులో శాసనసభకు, 2024 మే నెలలో లోక్‌సభకు పోలింగు జరగడంతో ఆరు నెలలు తిరగకముందే రెండుసార్లు అప్పగించాను. మొదటిసారి పోలీస్ స్టేషను నుంచి తిరిగి వచ్చేటప్పటికి అది తడి సంచిలో తుప్పు పట్టి ఉంది. అడిగితే నవ్వి రిజిస్టరు ముందుకు తోశారు. రెండోసారి లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర పెట్టి రసీదు తీసుకున్నాను.

పెళ్లిళ్లకు మాత్రం వెంట తీసుకుపోను. బరాత్‌లో ఎవరో ఒక బామ్మర్ది "ఒక్కటి పేల్చు బావా" అనకుండా ఉండడు. సంబరానికి నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.

ఇప్పుడు వడ్ల డబ్బు ఖాతాల్లోకే పోతున్నది కాబట్టి నోట్ల సంచితో తిరిగే రాత్రులు సీజనుకు నాలుగో ఐదో మాత్రమే. ఆ రాత్రుల్లో ఇంటికి రాగానే మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీస్తాను. మ్యాగజైన్ తీసినంత మాత్రాన గొట్టంలోని తూటా పోదు కనుక స్లైడు లాగి, దీపం కింద చూసి, చిటికెన వేలు పెట్టి తడుముతాను. పిస్తోలు ఒక అరలో, తూటాలు మరో అరలో పెట్టి తాళం వేస్తాను. రెండో తాళం చప్పుడు వినబడితేనే మా ఆవిడ వంటింట్లో నుంచి "కంచం పెట్టనా?" అని అడుగుతుంది.