బుచోగారు లేరండి

సంచికకి ఏదో ఒకటి రాయమని మన బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు అడిగారు. చెర్రీ పూల గురించో బుల్లెట్ రైలు గురించో రాస్తాననుకుంటున్నట్టున్నారు. అవి కాదు, జపాన్ నుంచి తిరిగొచ్చాక జరిగింది రాస్తాను, ఎందుకంటే జపనీస్ నాకు అసలు వచ్చింది అప్పుడే.

ఫుకుఒకాలో ఏడాది చదివాను. విద్యార్థుల్ని వారానికి 28 గంటలు మించి పనిచెయ్యనివ్వరు, ఆ 28 గంటలూ నేను కన్వీనియెన్స్ స్టోర్ కౌంటర్ వెనకే ఉండేవాణ్ణి. మిగతా టైమంతా హాస్టల్ వంటగదిలో కుర్రాళ్ళతో కబుర్లు. ధారాళంగా మాట్లాడేస్తున్నానని నాకు నేనే మురిసిపోయాను. ఇంటికొచ్చి డిసెంబర్‌లో చెన్నై వెళ్ళి, జపనీస్ భాషా పరీక్షల్లో పైనుంచి రెండో మెట్టయిన ఎన్2 రాశాను, పాసయ్యాను, శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేరాను. ఎన్5 నుంచి ఎన్1 దాకా ఆ పరీక్షల్లో మాట్లాడే పేపరన్నదే లేదు, నోరు విప్పకుండానే పైదాకా పోవచ్చు. అందుకే నా గుట్టు మొదటి వారందాకా దాగింది.

ఆ వారంలో ఒకరోజు ఒసాకా నుంచి కస్టమర్ ఫోన్. మా బుచో, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, ఉన్నారా అని. ఆయన ఫ్యాక్టరీ లోపల ప్రొడక్షన్ లైన్ దగ్గరికి వెళ్ళారు. నేను ఎంతో మర్యాదగా "బుచో-సాన్ వ ఇరష్షాయిమాసెన్" అన్నాను, అంటే "బుచోగారు లేరండి" అని. అవతల ఒక క్షణం మౌనం. ఫోన్ పెట్టేసి చూస్తే పక్క సీటు జపాన్ ఆవిడ తల దించుకుని నవ్వాపుకుంటోంది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన బాస్ కూడా మనవాడే, మనవాణ్ణి మనమే పొగుడుకోకూడదు. ఇంటిపేరొక్కటే చెప్పి, వెనక ఏ "సాన్" తగిలించకుండా "సెకి ఓ హజుషితె ఒరిమాస్" అనాలి, "సీట్లో లేడు" అన్నంత తగ్గించి. నాన్న సంగతీ అంతే, ఎదురుగా ఉంటే "ఒతోసాన్", పరాయివాళ్ళ దగ్గర వట్టి "చిచి". మా నాన్నగారు లేరండి అని గుమ్మంలో నిలబడి చెప్పే అలవాటున్న నోటికి ఇది ఎంత కష్టమో! ఆర్నెల్లు పట్టింది. సూళ్ళూరుపేట నుంచి కంపెనీ బస్సులో వెళ్తూ చెవిలో జపాన్ రేడియో వార్తలు పెట్టుకుని, వాళ్ళ వెనకే గొణుక్కుంటూ పోయేవాణ్ణి. పక్కవాళ్ళు జపం చేస్తున్నాననుకునేవారు.

మిగతాదంతా మన తెలుగు మాస్టారి పుణ్యం. గుర్తుందా, బోర్డు మీద "చేసి" రాసి క్త్వార్థకం, "చేస్తూ" రాసి శత్రర్థకం, "చేస్తే" రాసి చేదర్థకం అని చూపుడు కర్రతో ఒక్కొక్కటీ కొట్టేవారు? అచ్చం అవే అక్కడ "షితె", "షినగరా", "షితరా". చేసి చూడు అంటే "షితె మిరు", మిరు అంటే చూడటమే! క్రియ చివరికే వస్తుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నా తోటి ఇంటర్‌ప్రెటర్లు క్రియ ఎప్పుడొస్తుందా అని వాక్యం చివరిదాకా ఎదురుచూస్తుంటే, నేను వింటూనే తెలుగులో చెప్పుకుంటూ పోయేవాణ్ణి. "త్సు" పలకడానికి చాలామంది తంటాలు పడతారు, మనం "చాప"లో చ ఎలా అంటామో నాలుక అక్కడ పెడితే చాలు.

మన "అట" ఉందే, దాని విలువ నాకు ఫ్యాక్టరీలో తెలిసింది. ఒకసారి మెషిన్ దగ్గర మనవాడొకడు "బోల్టులన్నీ బిగించేశాడట సార్" అన్నాడు. నేను "షిమెత సో దెస్" అన్నాను, "బిగించాడట" అని. జపాన్ ఇంజినీరు ఆ "సో దెస్" దగ్గరే ఆగిపోయాడు. ఎవరన్నారు, ఎవరు చూశారు? టార్చి పట్టుకుని వెళ్ళి చూస్తే రెండు వదులుగానే ఉన్నాయి. ఆ "అట" నేను మింగేసి ఉంటే అవి అలాగే తిరిగేవి.

అన్నీ ఇలా కలిసిరాలేదు లెండి. ఒక లోకల్ కాంట్రాక్టరు కొటేషన్ ఇస్తే మావాళ్ళు "కెంతో షిమాస్" అన్నారు. నిఘంటువులో ఉన్నట్టే "పరిశీలిస్తామన్నారండి" అని చెప్పాను. పాపం ఆయన నెలరోజులు రోజూ ఫోన్ చేశాడు. ఆ గొంతులో దాని అర్థం మన "చూద్దాం లెండి". సంబంధం వద్దనుకున్నప్పుడు మన ఇళ్ళల్లో అనేది అదేగా! ఎన్1 రెండోసారికి పాసయ్యాను కానీ ఆ ముక్క దాని పుస్తకాల్లో లేదు.

మొన్న సంక్రాంతికి మాస్టారింటికి వెళ్ళాను. ఇదంతా చెప్తే వాలుకుర్చీలో ముందుకు జరిగి, "అయితే ఒరే, 'వచ్చి, తిని, వెళ్ళిపోయాడు' అను" అన్నారు. "కితె, తబెతె, కాయెత్తా" అన్నాను. వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టారు. "రెండు క్త్వార్థకాలు, ఒక సమాపక క్రియ. కర్త ఏడిరా?"

చెప్పక్కర్లేదు మాస్టారూ, అక్కడా మనలాగే వదిలేస్తారు అన్నాను. "ఊఁ" అని, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.