పైన్ శంకువు పొలుసు వంచి చూస్తే

గింజ ఉంది, కాయ లేదు. వివృతబీజాల (పైన్ లాంటి, గింజలు కాయలో దాగని మొక్కల) గుట్టంతా ఇదే. అండాలను కప్పే అండాశయం లేనప్పుడు కాయ ఎక్కడినుంచి వస్తుంది? పైన్ లేత ఆడ శంకువులో ఒక పొలుసును వంచి, భూతద్దంతో చూడండి. పైవైపున, మొదలు దగ్గర రెండు అండాలు కనిపిస్తాయి.

పుప్పొడిని గాలే మోస్తుంది. పైన్ రేణువుకు రెండు గాలితిత్తులుంటాయి. అండం కొనమీద ఊరే చిన్న బొట్టు రేణువును పట్టి లోపలికి లాగుతుంది. అసలు ఆలస్యం ఆ తర్వాతే: పరాగనాళం (పుప్పొడి రేణువునుంచి అండంలోకి సాగే గొట్టం) నెమ్మదిగా పెరిగి, ఫలదీకరణ జరిగేసరికి దాదాపు ఏడాది పడుతుంది. అంకురచ్ఛదం (గింజలో పిండానికి ఆహారమిచ్చే కణజాలం) మాత్రం అంతకుముందే తయారవుతుంది, అందుకే అది ఏకస్థితికం, అంటే దాని కణాల్లో క్రోమోజోములు ఒకే వరుస. త్రయస్థితికం (మూడు వరుసలు) అని రాస్తే తప్పు, అది పూలమొక్కల సంగతి.

సైకస్, గింకో అనే వివృతబీజాల్లో శుక్రకణాలు కశాభాలతో (కొరడాల్లాంటి సన్నని పోగులతో) ఈదుతాయి. గింకోలో దీన్ని 1896లో జపాన్‌కు చెందిన హిరాసే గుర్తించారు. ఎంత అద్భుతమో!

సైకస్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. పుప్పొడి అందకపోయినా ఆడమొక్క మీద గింజలు నిండుగానే ఊరవచ్చు, కానీ లోపల పిండం ఉండదు, నాటినా మొలవవు. తాజా గింజను కోసి తేల్చేయకండి, మంచి గింజలోనూ అప్పటికి పిండం చాలా చిన్నది. కొన్ని నెలలు ఆగి కోస్తే తెలుస్తుంది.