ఒక్క రాత్రి ఆటకి ఇంత గొడవా

ఈరోజు ఆదివారం, పనేం పెట్టుకోలేదు, కానీ పొద్దున్నించీ ఇంట్లో ఒకటే టాపిక్. మా బాస్కెట్‌బాల్ టీమ్ నిన్న ఓడిపోయింది. ఓడిపోవడం సంగతి అలా ఉంచితే, మా షూటింగ్ గార్డ్, అంటే దూరం నుంచి షాట్లు వెయ్యడమే పనిగా ఉన్నవాడు, 9 త్రీలు (గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసి ఒక్కటంటే ఒక్కటి పెట్టాడు, ముందు మ్యాచ్‌లో ఇదే మనిషి 6 పెట్టాడు, అప్పుడు అందరం నెత్తిన పెట్టుకుని ఊరేగాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఎన్‌బీఏలో, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, 30 టీముల్లోనూ ఇలాంటోడు ఒకడుంటాడు, ఎవరి టీమ్‌లో వాడెవడో వాళ్ళకి తెలుసు.

నేనింకా హైలైట్స్ కూడా పూర్తిగా చూడలేదు, బావ ఫోన్. "చూశావా మీవోణ్ణి? ఒకరోజు ఆడితే మూడ్రోజులు పడుకుంటాడు, వీణ్ణి నమ్ముకుని సీజన్ ఎలా లాగుతార్రా, వేరే టీమ్‌కి ట్రేడ్ చేసి పారెయ్యమను" అని మొదలెట్టాడు. స్పీకర్లో పెట్టేసరికి మా తమ్ముడు మధ్యలో దూరి, "ట్రేడ్ ఎందుకు బావా, మొదట్నించీ కాకుండా మధ్యలో బెంచ్ మీంచి దింపితే చాలు, వాడికి ప్రెషర్ పడదు, మెంటల్‌గా వీక్" అన్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. బంతి లోపల పడితే గుండె ధైర్యం, బయట పడితే మెంటల్‌గా వీక్, మధ్యలో తేడా అంతా కలిపి ఒక అంగుళం ఉంటుందేమో. ఒక్క అంగుళాన్ని పట్టుకుని మనిషి స్వభావం ఎలా చెప్పేస్తారో నాకు అర్థం కాదు.

ఫోన్ పెట్టేశాక ఊరికే కూర్చోలేక కాలిక్యులేటర్ తీశా. సీజన్ మొత్తం మీద 36 శాతం త్రీలు పెట్టేవాడు ఒకడున్నాడనుకుందాం, లీగ్‌లో అది సగటు, ఎవరూ తిట్టే నంబర్ కాదు. మ్యాచ్‌కి 8 వేస్తాడు. వాడి ఆరోగ్యం బాగుంది, మూడ్ బాగుంది, ఏ రోజూ ఏ మార్పూ లేదు, ప్రతి షాట్‌కీ అదే 36 శాతం అవకాశం. అప్పుడు కూడా వాడు సున్నా గానీ ఒకటి గానీ పెట్టే మ్యాచ్‌లు నూటికి 15 పైనే వస్తాయి, అంటే 82 మ్యాచ్‌ల సీజన్లో ఓ డజను రాత్రులు వాడు మన కళ్ళకి పనికిరానోడిలా కనిపిస్తాడు. 5 లేదా అంతకంటే ఎక్కువ పెట్టే రాత్రులు నూటికి 12 దాకా, అంటే సీజన్లో ఓ పదిసార్లు దేవుడిలా కనిపిస్తాడు. మనిషి మాత్రం ఏమీ మారలేదు! ఇక దీనిమీద నిజమైన కష్టాలు కూడా కలపాలి కదా, వరసగా రెండు రాత్రులు మ్యాచ్‌లు, అర్ధరాత్రి ఫ్లైట్లు, మోకాలు నొప్పి, ముందు వారం దంచాడు కాబట్టి ఈ వారం అవతలి టీమ్ తమ బెస్ట్ డిఫెండర్‌ని వాడి మీదే వదలడం. ఇవన్నీ కలిస్తే ఎత్తుపల్లాలు లేకపోతేనే ఆశ్చర్యం.

తమ్ముడికి ఈ లెక్క చూపిస్తే "అవన్నీ మామూలు ప్లేయర్లకన్నా, గొప్పోళ్ళు రోజూ ఆడతారు" అన్నాడు. సరే, గొప్పోళ్ళ సంగతే చూద్దాం అని వారియర్స్ టీమ్ స్టెఫ్ కర్రీ దగ్గరికి వెళ్ళాం. 2016 నవంబర్ 4న లేకర్స్ మీద 10 త్రీలు వేసి సున్నా పెట్టాడు, అప్పటిదాకా రెగ్యులర్ సీజన్లో వరసగా 157 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్క త్రీ అయినా పెట్టిన మనిషి, ఆ రోజుతో అది తెగిపోయింది. తర్వాతి మ్యాచ్ నవంబర్ 7న, పెలికన్స్ మీద 13 పెట్టాడు, అప్పటికి ఎవరూ ఒక మ్యాచ్‌లో అన్ని పెట్టలేదు. సున్నాకీ రికార్డుకీ మధ్య మూడ్రోజులు. ఆ మూడ్రోజుల్లో ఎవరైనా మెంటల్‌గా వీక్ అని రాసుంటే ఎలా ఉండేదో ఆలోచించు రా అన్నా. తమ్ముడు ఏం మాట్లాడలేదు గానీ ఒప్పుకోనూ లేదు.

నాకు అంతకంటే ఇష్టమైనది అదే వారియర్స్‌లో కర్రీ పక్కన ఆడిన క్లే థాంప్సన్ కథ. 2018 సీజన్ మొదలైనప్పుడు మొదటి 7 మ్యాచ్‌లు కలిపి 36 త్రీలు వేసి 5 పెట్టాడు. ఐదే! ఎనిమిదో మ్యాచ్ అక్టోబర్ 29, షికాగోలో, బుల్స్ మీద. ఆ మ్యాచ్‌ని ఈరోజు మధ్యాహ్నం తమ్ముడూ నేనూ మళ్ళీ చూశాం. ఫస్ట్ హాఫ్‌లోనే 10 త్రీలు, మొత్తం 14, కర్రీ పేరు మీదున్న ఆ 13 రికార్డు పోయింది, ఆడింది 27 నిమిషాలు, 52 పాయింట్లు. నేను చూడాలనుకున్నది పాయింట్లు కాదు, వాడి పాదాలు. బంతి చేతికి రాకముందే పాదాలు రెండూ రింగ్ వైపు సర్దుకుని ఉంటాయి, బంతి వచ్చాక కిందకి దించడు, ఒక్క డ్రిబుల్ కూడా లేకుండా అందుకున్నదాన్ని అందుకున్నట్టే వదిలేస్తాడు. ఆ ఏడు మ్యాచ్‌ల్లో పడనప్పుడు వేసిన షాటూ ఇదే. మార్చలేదు, అదే వేస్తూ పోయాడు. కోచ్ కూడా వెయ్యనిచ్చాడు. ఆరోజు క్లే కొడుతుంటే అందరికంటే ఎక్కువ సంబరపడింది కర్రీ, తన రికార్డ్ పోతోందని తెలిసీ. అది చూస్తే నాకు ఇప్పటికీ మనసు నిండిపోద్ది.

మరి అన్నీ అదృష్టం ఖాతాలో రాసేస్తావా అని బావ అడుగుతాడు, అడిగాడు కూడా. లేదు. ఒక్క రాత్రి వేరు, ఒక సీజన్ వేరు, రెండూ కలిపి మాట్లాడటమే ఇక్కడ గొడవంతా. జూలియస్ రాండిల్‌ని తీసుకుంటే నిక్స్ టీమ్‌లో 2020-21 సీజన్లో త్రీలు 41 శాతం పెట్టి మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అవార్డు కొట్టాడు, తర్వాతి సీజన్లో అదే 31కి పడిపోయింది, జనం బూ అన్నారు, తనేమో సొంత ఫ్యాన్స్‌కే బొటనవేలు కిందకి చూపించాడు, తర్వాత సారీ చెప్పాడు. కానీ 41కి ముందు సీజన్ ఎంత? 28 కూడా లేదు. అంటే పడిపోయిన ఏడాది వింత కాదు, ఎక్కిన ఏడాదే వింత. మనం ఆ ఒక్క ఏడాదిని కొలబద్దగా పెట్టుకుని మిగతా జీవితమంతా దానికి అప్పు ఉన్నట్టు వసూలు చేస్తాం.

బెంచ్ ప్లేయర్ల విషయంలో ఇది ఇంకా అన్యాయం. ఒకరోజు 25 నిమిషాలు, ఇంకోరోజు 6 నిమిషాలు ఆడించి, మొదటి రెండు షాట్లు పడకపోతే పీకేసి, పైగా నిలకడ లేదంటారు. నిలకడ లేనిది ముందు వాడి నిమిషాలకి కదా.

సాయంత్రం నిన్నటి మా మ్యాచ్ పూర్తిగా పెట్టుకుని బంతి ఎక్కడుందో పట్టించుకోకుండా మా గార్డ్‌నే చూశా. చాలా విషయాలు కనిపించాయి. వరసగా మిస్ అవుతున్నా అవతలి డిఫెండర్ వాణ్ణి ఒక్క అడుగు కూడా వదల్లేదు, వాడు కార్నర్లో నిలబడితే ఆ డిఫెండర్ కూడా అక్కడే, దాంతో మధ్యలో ఖాళీ దొరికి మా సెంటర్ రెండు డంక్‌లు తేలిగ్గా కొట్టాడు, బాక్స్ స్కోరులో, అంటే మ్యాచ్ లెక్కల పట్టికలో, మావాడికి దీంట్లో ఏమీ పడదు. మిస్ అయినవాట్లో ఎక్కువ భాగం మంచి షాట్లే, ఒకటైతే బంతి సగం దాకా లోపలికి దిగి, ఒక రౌండ్ తిరిగి బయటికొచ్చింది, నేను సోఫాలోంచి లేచి నిలబడ్డా. ఇవి నేను క్షమించేవి కావు, అసలు క్షమించాల్సిన తప్పులే కావు.

కానీ ఒకటి కనిపించింది, దానికి మాత్రం బాగా కోపమొచ్చింది. మూడో క్వార్టర్లో షాట్ మిస్సయ్యాక రిఫరీ వైపు చేతులు చాచి ఫౌల్ ఫౌల్ అంటూ అక్కడే నిలబడిపోయాడు, వాడు గార్డ్ చెయ్యాల్సిన మనిషి ఒంటరిగా పరిగెత్తి రింగ్ దగ్గరికెళ్ళి తేలిగ్గా లేఅప్ వేసుకున్నాడు. కాసేపాగి మళ్ళీ అదే. రెండూ కలిపి నాలుగు పాయింట్లు, మేం ఓడింది మూడుతో. షాట్ పడటం పాచికల లాంటిది, వెనక్కి పరిగెత్తడం మాత్రం కాదు, అది ప్రతి రాత్రీ వాడి చేతుల్లోనే ఉంటుంది, ఆరు త్రీలు పెట్టిన రోజు పరిగెత్తి ఒకటి పెట్టిన రోజు పరిగెత్తకపోతే అదీ నిలకడ లేకపోవడం అంటే. తిట్టాలంటే దీనికి తిట్టండి, నేనూ కలుస్తా.

రాత్రి ఇదంతా బావకి చెప్పా. ఓపిగ్గా విని, "82 మ్యాచ్‌లకి నీ లెక్క బాగానే ఉంది, ప్లేఆఫ్స్‌లో గేమ్ సెవెన్‌కి, సిరీస్ తేల్చే ఆ ఆఖరి మ్యాచ్‌కి ఏం చెప్తావ్? దానికి సగటు ఉండదు కదరా" అన్నాడు. 2018లో రాకెట్స్ టీమ్‌ని గుర్తుచేశాడు. వారియర్స్ మీద గేమ్ సెవెన్, సొంత గ్రౌండ్, హాఫ్‌టైమ్‌కి 11 పాయింట్ల లీడ్, అయినా ఆ మ్యాచ్‌లో ఒక దశలో వరసగా 27 త్రీలు మిస్, మొత్తం 44లో 7, ఓడిపోయారు. క్లే సంగతి కూడా ఎత్తాడు, 2024లో కింగ్స్ మీద, ప్లేఆఫ్స్‌లోకి వెళ్ళడానికి ఆడే ప్లే-ఇన్ మ్యాచ్‌లో పది షాట్లు వేసి సున్నా పాయింట్లు, వారియర్స్ జెర్సీలో అదే చివరి మ్యాచ్ అయింది. ఈ మాటకి బరువుంది. ఒకే ఒక్క రాత్రి మిగిలినప్పుడు శాతాలు చెప్తే ఎవరికీ కడుపు నిండదు, ఆ 27 మిస్‌లు చూసిన రాకెట్స్ ఫ్యాన్‌కి నేను కాలిక్యులేటర్ చూపించలేను. కానీ అదే టీమ్ ఆ ఏడాది అవే త్రీలు వేసి 65 మ్యాచ్‌లు గెలిచింది, వాళ్ళ స్టార్ గార్డ్ క్రిస్ పాల్ గాయంతో ఆ రోజు ఆడనేలేదు, ఆ స్థితిలో కొత్త ఆట ఎక్కణ్ణుంచి తెస్తారు అన్నా. కొన్నైనా లోపలికి వెళ్ళి వేసుండాల్సింది, కనీసం ఫౌల్ అయి ఫ్రీ త్రోలు వచ్చేవి అన్నాడు బావ. అది మంచి పాయింటే, ఇద్దరం అరగంట దానిమీదే మాట్లాడుకున్నాం, తేల్లేదు.

రేపు మళ్ళీ మ్యాచ్ ఉంది. మావాడి త్రీలు లెక్కపెడతానని బావ అన్నాడు, షాట్ మిస్సయ్యాక ఎన్నిసార్లు వెనక్కి పరిగెత్తలేదో నేను లెక్కపెడతానన్నా.