వానలకు తేమ పట్టిన ఓటీజీ: ఆషాఢం నుంచి శ్రావణం దాకా చేసిన పని

జూలై, మొదటి ఆదివారం

మల్కాజిగిరిలోని మా వంటింట్లో ఉన్న ఓటీజీ (కాల్చడానికి, టోస్టు చేయడానికి వాడే చిన్న కరెంటు ఓవెన్) ఎనిమిదేళ్ల పాతది. మొత్తం 1500 వాట్లు. పైన ఒకటి, కింద ఒకటి, చెరో 750 వాట్ల ఎలిమెంట్లు, అంటే వేడి పుట్టించే కడ్డీలు. ఎండాకాలమంతా ఉస్మానియా బిస్కెట్ల మీద నేను చేసిన ప్రయోగాలన్నీ దీనిలోనే సాగాయి. వానలు మొదలయ్యాక మూడు వారాలు దాని జోలికి పోలేదు. ఈ ఉదయం పిండి కలిపి, ట్రే సిద్ధం చేసుకుని స్విచ్ వేశానో లేదో, ఇల్లంతా కరెంటు పోయింది.

బోర్డు తెరిచి చూస్తే పడిపోయింది ఎంసీబీ కాదు, దాని పక్కనున్న 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ. రెండూ తమంతట తామే కరెంటు ఆపేసే స్విచ్‌లే. పనంతా ఈ తేడా మీదే ఆధారపడింది. లోడు ఎక్కువైనా, షార్టు అయినా ఎంసీబీ పడుతుంది. ఫేజులో (కరెంటు వచ్చే తీగలో) వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్ (తిరుగు తీగ) గుండా తిరిగి రాకుండా కొంత ఎర్త్‌లోకి జారిపోతే ఆర్‌సీసీబీ పడుతుంది. అంటే మా ఓవెన్‌లో ఎక్కడో కరెంటు బాడీకి లీకవుతోందన్నమాట.

ఫోనులో దొరికిన ఒక మెకానిక్ సలహా ఏమిటంటే, ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి వాడుకోమని. ఆర్‌సీసీబీ పడకపోవచ్చు, నిజమే. కానీ లీకు అలాగే ఉండి ఇనుప డబ్బా మొత్తానికి కరెంటు వస్తుంది, తడి చేతితో తలుపు పిడి పట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. ఇలాంటి సలహా ఇచ్చేవారికి మన పిండివంట ఒక్కటి కూడా పెట్టకూడదని నా అభిప్రాయం.

అదే రోజు సాయంత్రం

ప్లగ్గు పూర్తిగా పీకేసి, ఓవెన్ చల్లగా ఉందని చూసుకుని, వెనుక రేకు స్క్రూలు విప్పాను. మొదట ఎలిమెంట్లు తెగాయేమో చూశాను. 230 వోల్టుల వర్గాన్ని 750 వాట్లతో భాగిస్తే ఒక్కో ఎలిమెంటుకు ఉండాల్సిన నిరోధం 70 ఓమ్‌ల పైచిలుకు వస్తుంది. మల్టీమీటరులో పైదానికి 69, కిందిదానికి 70 వచ్చాయి. రెండూ తెగలేదు. తరువాత వైర్లు ఊడదీసి, ఒక్కొక్క ఎలిమెంటు కొనకూ, పెయింటు గీకిన బాడీ స్క్రూకూ మధ్య కొలిచాను. పైదానికి మీటరు అంకె చూపలేదు, అంటే లీకు లేదు. కిందిదానికి 9 కిలో ఓమ్‌లు చూపింది. ఫేజు వైపు కొనలోనే ఆ లీకు ఉందనుకుంటే సుమారు 25 మిల్లీ యాంపులు బాడీలోకి పోతాయి. 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు కనుక లెక్క సరిపోయింది. (ఇలా కొలిచేటప్పుడు మీటరు రెండు ప్రోబుల, అంటే కొలిచే పుల్లల, మొనలనూ వేళ్లతో పట్టుకోకూడదు, మన ఒంటి నిరోధం కూడా రీడింగులో కలుస్తుంది. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే.)

కొత్త ఎలిమెంటు కొనాలన్న నిర్ణయానికి వస్తుండగా మా అమ్మ వచ్చి తొంగిచూసి, "డబ్బాల అప్పడాలన్ని మెత్తవడ్డయి బిడ్డా, దీనికి గూడ గాలి తగిలినట్టుంది, జర ఎండవెట్టి చూడు" అంది. ఆమె మాటలో శాస్త్రం ఉంది. ఎలిమెంటు స్టీలు గొట్టంలో నైక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. అది గొట్టానికి తగలకుండా మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా కూరుతారు. ఆ పొడి వేడిని బాగా పంపుతుంది, కరెంటును ఆపుతుంది. కానీ గాలిలోని తేమను పీల్చుకునే గుణం దానిది. కొనల దగ్గర సీలు పాతబడితే, వాడకుండా వదిలేసిన వానాకాలపు రోజుల్లో తేమ లోపలికి చేరుతుంది.

రెండో ఆదివారం

బోనాల డప్పులు వినిపిస్తుండగా ఓవెన్‌ను ఆరబెట్టే పని మొదలుపెట్టాను. ముసురులో ఎండ ఎక్కడిది? అందుకే కింది ఎలిమెంటును పైదానితోనే ఆరబెట్టాలనుకున్నాను. వైర్లు, వెనుక రేకు తిరిగి బిగించి, సెలెక్టరును పై ఎలిమెంటుకు మాత్రమే తిప్పి, ఎర్త్ ఉన్న 16 యాంపుల సాకెట్టులో పెట్టి, 100 డిగ్రీల దగ్గర ఒక గంట నడిపాను. ఆవిరి పోవడానికి తలుపు వేలెడంత తెరిచి ఉంచాను, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆర్‌సీసీబీ పడలేదు. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి కొలిస్తే 9 కిలో ఓమ్‌లు కాస్తా 640 అయ్యాయి. ఇంకో గంట నడిపాక 20 మెగా ఓమ్‌ల రేంజులో కూడా మీటరు అంకె చూపడం మానేసింది.

మల్టీమీటరు తన చిన్న బ్యాటరీతోనే కొలుస్తుంది కాబట్టి దాని మాటను పూర్తిగా నమ్మలేం. 500 వోల్టులు పెట్టి లీకును కొలిచే మెగ్గరు అనే మీటరుతో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మా అపార్టుమెంటు ఎలక్ట్రీషియను దగ్గర అది ఉంది కనుక అతనితో కూడా చూపించి, సరే అనిపించుకున్నాకే రెండు ఎలిమెంట్లూ వేశాను. ఇప్పుడు వానాకాలంలో వారానికి ఒకసారి, వంట ఉన్నా లేకపోయినా, పావుగంట వేడి చేస్తున్నాను.

మూడో శనివారం

వెనుక రేకు విప్పినప్పుడే ఇంకొకటి కంటపడింది. కింది ఎలిమెంటు కొనకు తొడిగిన థింబుల్ (వైరు చివర బిగించే లోహపు తొడుగు) నల్లగా మాడి, వేలితో కదిపితే ఊగుతోంది. దాని దగ్గర వైరు తొడుగు పెళుసెక్కి పొడిగా రాలుతోంది. లూజు కాంటాక్టు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి కాంటాక్టు ఇంకా లూజవుతుంది. ట్రూప్ బజార్‌కు వెళ్లి, వేడికి తట్టుకునే ఫైబర్ గ్లాస్ తొడుగు వైరు ఒక మీటరు, నాలుగు థింబుళ్లు తెచ్చాను. దుకాణంలో మొదట మామూలు పీవీసీ వైరే చేతికిచ్చారు. అది 70 డిగ్రీల వరకే పనికొస్తుంది, ఓవెన్ వెనుక నిలవదు. థింబుల్‌ను నొక్కుడు ప్లయరుతో నొక్కే బిగించాలి. మామూలు సోల్డరు 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది కనుక ఇక్కడ దానితో పని లేదు.

ఈ ఓవెన్ ఆరున్నర యాంపులు లాగుతుంది. 6 యాంపుల సాకెట్టులో కన్వర్టరు (పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టుకు కలిపేది) పెట్టి వాడితే సాకెట్టు కూడా ఇలాగే మాడుతుంది.

నాలుగో ఆదివారం

లీకు పోయింది కానీ బిస్కెట్లు 15 నిమిషాలకు పైన రంగు తిరిగి, అడుగున పచ్చిగానే ఉన్నాయి. ఓవెన్ థర్మామీటరును నడిమి రాక్‌కు వేలాడదీసి, డయలు 180 మీద పెట్టి, 20 నిమిషాల తరువాత నుంచి లైటు ఆరి వెలిగిన ఐదు విడతలను రాసుకున్నాను. వేడి 148 దాకా దిగి 186 దాకా ఎక్కుతోంది, సగటు 167. ఓవెన్ వేడిని సరిచూడటానికి, చక్కెర 186 డిగ్రీల దగ్గర కరుగుతుందన్న పరీక్ష ఒకటి ఉంది గానీ, ఇంతగా ఊగే ఓవెన్‌లో అది పెద్దగా ఉపయోగపడదు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కడ్డీ లోపల సర్దుబాటు స్క్రూ ఉన్నా నేను ముట్టుకోలేదు. డయలు 195 మీద పెడితే సగటు 180 వస్తోంది. అక్కడ మార్కరుతో గీత గీశాను.

అడుగు పచ్చిగా ఉండటానికి మాత్రం కారణం నేనే. శుభ్రం చేసే శ్రమ తప్పుతుందని అడుగు ట్రేలో ఫాయిలు పరిచాను. అది వేడిని ఎలిమెంటు మీదికే తిప్పి కొడుతూ, గాలి తిరగడానికి కూడా అడ్డుపడింది. తీసేశాను. మాడిన మరకలకు తినే సోడా ముద్ద రాసి, రాత్రంతా ఉంచి, తడి గుడ్డతో తుడిచాను. ఎలిమెంట్ల మీద మాత్రం ముద్ద పడనివ్వలేదు.

తరువాత రాక్ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి పది నిమిషాలు కాల్చాను. వెనుక ఎడమ మూలలో రెండు ముక్కలు గోధుమ రంగుకు వస్తే, తలుపు కుడి పక్కనున్నవి తెల్లగానే ఉన్నాయి. తలుపు కుడి స్ప్రింగు సాగిపోయి, అక్కడ సన్నని సందు ఏర్పడింది. చెయ్యి దగ్గర పెడితే వేడి గాలి తగులుతోంది. కొత్త స్ప్రింగు దొరికేదాకా ఎనిమిదో నిమిషంలో ట్రేను తిప్పి పెడుతున్నాను.