క్రిస్మస్ ముందు రాత్రి, బ్రేక్ రూమ్ బల్ల మీద

ఆసుపత్రికి సెలవు ఉండదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో నేను పనిచేసే ఆసుపత్రి ప్రయోగశాలలో, నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కూ, డిసెంబరు 25కూ ఎవరెవరు పనిలో ఉండాలో తెలిపే పట్టిక అక్టోబరులోనే గోడకెక్కుతుంది. మాకు ఇక్కడ చుట్టాలెవరూ లేరు కనుక, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచీ డిసెంబరు 24 రాత్రి పదకొండింటికి మొదలై మర్నాడు ఉదయం ఏడింటికి ముగిసే డ్యూటీని నేనే అడిగి తీసుకుంటున్నాను. చిన్న పిల్లలున్న ఒకరు ఆ రాత్రి ఇంట్లో ఉండగలుగుతారు. నాకు ఆ రాత్రి మా ప్రయోగశాలలోని బ్లడ్ బ్యాంకులో మనుషుల మధ్య గడుస్తుంది. ఆ డ్యూటీలో ఉన్నవాళ్లందరూ తలా ఒక వంటకం తెచ్చి బ్రేక్ రూమ్ బల్ల మీద పెట్టే పాట్‌లక్ ఆనవాయితీ కూడా ఉంది. ఎవరు ఏం తెస్తారో రాసుకోవడానికి రెండు వారాల ముందే ఒక కాగితం అంటిస్తారు. ఆ కాగితంలో అపిటైజర్, అంటే భోజనానికి ముందు తినే చిరుతిండి, అన్న గడిలో నా పేరు ఉండడం ఇప్పటికి ఏడేళ్లుగా జరుగుతోంది.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ముందు చెప్పాలి, ఎందుకంటే తరువాత నేర్చుకున్నదంతా అందులోంచే వచ్చింది. ఆ ఏడాది బ్రీ అనే మెత్తటి చీజు పెద్ద బిళ్లను, కాల్చితే పొరలుగా పొంగే పఫ్ పేస్ట్రీ పిండిరేకులో చుట్టి, పైన క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండు పాకం పోసి, ఓవెన్‌లో కాల్చి తీసుకెళ్లాను. ఇంట్లో పొయ్యి దిగినప్పుడు అది చూడముచ్చటగా ఉంది. కాని ఆ వంటకాన్ని వేడిగా ఉండగానే కత్తితో కోసి, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినాలి. మా దగ్గర అర్ధరాత్రి నుంచి రెండింటిదాకా ఎవరికీ కూర్చునే వీలు దొరకలేదు. రెండున్నరకు నేను వెళ్లి చూసేసరికి చీజు గట్టిపడిపోయింది, అడుగున పేస్ట్రీ తడిసి మెత్తబడింది, ఒక మూల మాత్రం ఎవరో స్పూనుతో తవ్వి రుచి చూశారు. తెల్లవారి దాన్ని పారేస్తూ నేను బాధపడింది వంట చెడినందుకు కాదు; ఆ రాత్రి ఎవరు, ఎలా, ఎంత సేపట్లో తింటారో నాకు బాగా తెలిసి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోనందుకు.

మా ప్రయోగశాలలో రక్తం నమూనాలు ఉండే చోట తినడం, తాగడం నిషిద్ధం. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా నిబంధన అది. కాబట్టి ఒక్క ముక్క నోట్లో వేసుకోవాలన్నా చేతి తొడుగులు తీసి, కోటు విప్పి, చేతులు కడుక్కుని, నడవా దాటి బ్రేక్ రూమ్‌కు వెళ్లాలి. దొరికే అయిదు నిమిషాల్లో మూడు దీనికే పోతాయి. అందువల్ల ఈ బల్ల మీద పెట్టే అపిటైజరుకు కత్తి, పళ్లెం, స్పూను అవసరం ఉండకూడదు. ఒక్క నోటికి సరిపడాలి. చల్లారినా రుచి తగ్గకూడదు. బ్రేక్ రూమ్‌లో ఉన్నది మైక్రోవేవ్ ఒక్కటే, అందులో పెడితే పేస్ట్రీ తోలులా సాగుతుంది. అంటే దాన్ని గది వేడిమి దగ్గరే తినేలా చేయాలి. ఈ షరతులన్నిటికీ సరిపోయేలా అదే వంటకాన్ని నేను వేలెడంత గిన్నెలుగా మార్చుకున్నాను.

క్రాన్‌బెర్రీ గురించి కొంచెం నిదానంగా చెబుతాను. ఇది ఉత్తర అమెరికా నేలకు చెందిన పండు. ఈ దేశంలో పండే పంటలో సగానికి పైగా విస్కాన్సిన్‌లోనే పండుతుంది, తరువాతి స్థానం మసాచుసెట్స్‌ది. మా ప్రయోగశాల కోసం రోగుల దగ్గర రక్తం తీసే ఒకావిడ ఈ రాష్ట్రంలోనే టోమా అనే ఊరి దగ్గరి పల్లె నుంచి వచ్చారు; వాళ్ల పుట్టింటివారికి క్రాన్‌బెర్రీ తోట ఉంది. ఆ తోటను ఆవిడ మార్ష్ అంటారు, మసాచుసెట్స్‌వాళ్లయితే బాగ్ అంటారట. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి దాకా కోత. తోటలోకి నీళ్లు వదిలి, తీగల నుంచి కాయలను యంత్రంతో రాల్చితే అవి వాటంతట అవే నీటి పైకి తేలుతాయి. ఎందుకు తేలుతాయో ఆవిడే ఒక రాత్రి బ్రేక్ రూమ్‌లో ప్లాస్టిక్ కత్తితో ఒక కాయను అడ్డంగా కోసి చూపించారు: లోపల నాలుగు ఖాళీ గదులు, వాటి మధ్య చిన్న చిన్న విత్తనాలు. ఆ గదుల్లోని గాలే కాయను తేలుస్తుంది. తాజా కాయను బల్ల మీద వదిలితే బంతిలా ఎగురుతుంది, మెత్తబడినది అక్కడే పడి ఉంటుంది. సంచీ విప్పగానే నేను కొన్నిటిని ఇలా ఎగరేసి చూస్తాను, పండ్లు ఏరడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు కనబడలేదు.

పచ్చి క్రాన్‌బెర్రీ పుల్లగానే కాదు, వగరుగా కూడా ఉంటుంది. తీపి చాలా తక్కువ. అందుకే సంచీ మీద అచ్చువేసే మామూలు లెక్కలో 340 గ్రాముల కాయలకు ఒక కప్పు చక్కెర, ఒక కప్పు నీళ్లు ఉంటాయి. ఆ కొలత టర్కీ మాంసం పక్కన వడ్డించే పచ్చడికి బాగుంటుంది. చీజు మీద పెట్టే చుక్కకు మాత్రం తీపి ఎక్కువై, నాలుక మీద మిగతా రుచులన్నిటినీ తొక్కేస్తుంది. నేను చక్కెరను ముప్పాతిక కప్పుకూ, నీళ్లను అర కప్పుకూ తగ్గిస్తాను. ఒక నారింజ తొక్క తురుము, రెండు చిటికెల ఉప్పు, దంచిన మిరియాలు పావు చెంచా వేస్తాను. ఉప్పు ఇక్కడ కేవలం ఉప్పదనం కోసం కాదు; అది కాయ తొక్కలోని చేదును అణచి, తక్కువ చక్కెరతోనే తీపి తెలిసేలా చేస్తుంది. తీపి, ఉప్పు కలిసిన చిరుతిండిలో తీపిది రెండో స్థానమే కావాలన్నది నా అభిప్రాయం. మొదట పులుపు తగలాలి, వెనక వెన్న, ఉప్పు, చివర్లో తీపి.

నీళ్లు మరిగి, కాయలు వేసిన నాలుగైదు నిమిషాలకు గిన్నెలో చిటపటలు మొదలవుతాయి. లోపలి గాలి వేడెక్కి ఒక్కొక్క కాయ తొక్క పగిలే చప్పుడు అది. వంటింట్లో నాకు బాగా ఇష్టమైన చప్పుళ్లలో ఇదొకటి. అన్నీ పగలకుండా మూడో వంతు కాయలు చెక్కుచెదరకుండా ఉండగానే మంట తగ్గిస్తాను, అప్పుడే పాకంలో పంటికి తగిలేది ఉంటుంది. క్రాన్‌బెర్రీలో పెక్టిన్ బాగా ఉంటుంది, పులుపూ ఉంది కనుక వేరే ఏమీ కలపకుండానే పాకం గట్టిపడుతుంది. చక్కెర తగ్గించినందువల్ల మరో మూడు, నాలుగు నిమిషాలు ఎక్కువ ఉడికించాలి. ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి పళ్లెం మీద ఒక చెంచా పాకం వేసి, మధ్యలో వేలితో గీత గీస్తే, ఆ గీత పూడకుండా నిలిచినప్పుడు దించేయవచ్చు. ఈ పరీక్ష దాటకుండా దించితే పాకం పేస్ట్రీలోకి ఇంకి అడుగును తడిపేస్తుంది. పాకాన్ని ముందురోజే చేసి చల్లార్చి ఉంచుకుంటాను. నలభై ఎనిమిది గిన్నెలకు ఒక కప్పు చాలు. మిగిలినది వారమంతా రొట్టె మీదికి వస్తుంది.

చీజు సంగతి శాకాహారులకు వేరుగా చెప్పవలసి ఉంది. పాలను విరిచి గడ్డకట్టించడానికి సంప్రదాయంగా వాడే రెన్నెట్ దూడ కడుపు నుంచి తీస్తారు. అమెరికాలో చాలా చీజుల మీద ‘ఎంజైములు’ అని మాత్రమే రాసి ఉంటుంది, అవి ఎక్కడివో ఉండదు. శాకాహారం అనో, సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైములు అనో స్పష్టంగా రాసిన బ్రీని వెతికి తెచ్చుకుంటాను, ఎందుకంటే నేను తినలేనిదాన్ని పది మందికి పెట్టడం నాకు కుదరదు. బ్రీ పైనున్న తెల్లటి పొర తినదగినదే, తీసేయనక్కర్లేదు. పావు గంట ఫ్రీజర్‌లో ఉంచితే చాకుకు అంటుకోకుండా చిన్న ఘనాలుగా తెగుతుంది.

గడ్డకట్టిన పఫ్ పేస్ట్రీ పెట్టెలో రెండు రేకులు ఉంటాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మెత్తబరుస్తాను. వంటగది వెచ్చదనంలో ఎక్కువసేపు వదిలితే పొరల మధ్య కొవ్వు కరిగి పొరలు అతుక్కుపోతాయి, అప్పుడు ఓవెన్‌లో ఎంతసేపు ఉంచినా పొంగదు. ఒక్కొక్క రేకును ఇరవై నాలుగు చతురస్రాలుగా కోసి, చిన్న మఫిన్ అచ్చుల్లో అదిమి, అడుగున ఫోర్కుతో పొడిచి, ఏమీ నింపకుండానే 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పది నిమిషాలు కాలుస్తాను. మధ్యలో పొంగినదాన్ని చెంచా వెనక భాగంతో నొక్కి, ఆ గుంటలో ముందు చీజు, దాని మీద చెంచాలో సగం పాకం, పైన అక్రోటు లాంటి పీకన్ గింజ ముక్క ఒకటి, సువాసనకు రెండు రోజ్‌మేరీ ఆకులు పెట్టి మళ్లీ ఏడు నిమిషాలు. చీజు అడుగున, పాకం పైన అన్న వరుస మారకూడదు. కరిగిన చీజులోని కొవ్వు పాకంలోని తడిని అడుగుకు దిగనివ్వదు. రెండో ఏడాది నేను ఈ వరుసను తిరగేసి సగం గిన్నెలు పాడు చేసుకున్నాను.

పీకన్లు అందరికీ వేయను. మా షిఫ్టులో ఒక అబ్బాయికి చెట్టు గింజల (బాదం, జీడిపప్పు, పీకన్ వంటివి) అలర్జీ ఉంది. అమెరికాలో ఆహార లేబుళ్ల మీద తప్పనిసరిగా చెప్పవలసిన ప్రధాన అలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల వంటివి, చెట్టు గింజలు, వేరుసెనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. ఇంటి వంటకు ఆ చట్టం వర్తించదు, అయినా నేను దాన్ని పాటిస్తాను. పీకన్ పొట్లం విప్పకముందే, గింజలు లేని ఇరవై నాలుగు పూర్తిగా తయారై వేరే డబ్బాలోకి వెళ్లి మూత పడుతుంది. ప్రతి డబ్బా మీదా ఏమేం ఉన్నాయో పెద్ద అక్షరాలతో రాసి అతికిస్తాను. ఆ అబ్బాయి మొదటిసారి ఆ చీటీ చదివి, ‘నిజంగానే వేరుగా చేశారా?’ అని అడిగాడు. ఏ క్రమంలో చేశానో వివరంగా చెప్పాను. అప్పుడు తిన్నాడు. పాట్‌లక్ బల్ల దగ్గర అతను ఎప్పుడూ కాఫీ కప్పుతో మాత్రమే నిలబడేవాడని నాకు ఆ తరువాత గుర్తొచ్చింది.

నా ఉద్యోగం చాలావరకు వేడిమిని కాపలా కాయడమే. ఎర్రరక్తకణాలను 1 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 మధ్య కదుపుతూ ఉంచాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచిన ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవ భాగాన్ని, అవసరం వచ్చినప్పుడు కరిగించాలి. రోజంతా ఆ పట్టికలు నింపే మనిషి చీజును ఆరు గంటలు బల్ల మీద వదిలేయలేదు. పాడయ్యే ఆహారం గది వేడిమి దగ్గర రెండు గంటలకు మించి ఉండకూడదన్నది ఇక్కడి ప్రభుత్వ సూచన. కాబట్టి ఎనిమిదిన్నరకు ఓవెన్ నుంచి తీసి, చల్లార్చి, పదింటికల్లా ఫ్రిజ్‌లో పెట్టి, మంచులో కారు నడుపుకుంటూ వెళ్లగానే మళ్లీ అక్కడి ఫ్రిజ్‌లో పెడతాను. పన్నెండింటికి ఒక డబ్బా, మూడింటికి ఇంకో డబ్బా బయటకు వస్తాయి. తినడానికి పావు గంట ముందు తీస్తే చాలు, చీజు మెత్తబడుతుంది. బల్ల మీద పెట్టిన సమయాన్ని కూడా మూత మీద రాస్తాను. మా వాళ్లందరికీ రక్తం సంచీల మీద సమయం చూసే అలవాటే కనుక అది ఎవరికీ వింతగా తోచలేదు.

పోయిన డిసెంబరులో మూడింటి డబ్బా తీసిన పది నిమిషాలకు అత్యవసర విభాగం నుంచి ఫోను వచ్చింది. రోడ్డు ప్రమాదం, రక్తం చాలా పోతోంది, పెద్ద ఎత్తున ఎక్కించాలి. రోగి గ్రూపు ఇంకా తెలియదు కనుక మొదట దాదాపు ఎవరికైనా ఎక్కించగల ‘O’ గ్రూపు రక్తం పంపాము, ప్లాస్మా కరిగించడం మొదలుపెట్టాము, నమూనా రాగానే నేను గ్రూపు చూశాను, ఆ తరువాత పెట్టె వెనక పెట్టె సర్దుతూ గంటన్నర గడిచింది. అయిదింటికి ఫోను ఆగింది. రోగిని శస్త్రచికిత్స నుంచి ఐసీయూకు తీసుకెళ్లారని తెలిసింది.

చేతులు కడుక్కుని బ్రేక్ రూమ్‌కు వెళ్లాను. రెండు డబ్బాలూ ఖాళీ, గింజలు లేని దాన్ని ఎవరో కడిగి బోర్లించారు కూడా. ఫ్రిజ్ తెరిస్తే పై అరలో ఒక కాగితపు కప్పు, దాని మీద మడిచిన టిష్యూ. టిష్యూ మీద నీలిరంగు మార్కరుతో ‘బ్లడ్ బ్యాంక్, రెండు, 3.40కు లోపల పెట్టాం’ అని రాసి ఉంది. కప్పు తీసి బల్ల మీద పెట్టి, చీజు మెత్తబడేదాకా పావు గంట ఆగాను.