బ్యాంకు మీద దావా మీడియేషన్‌లో తేలింది

పోయినేడాది నాన్న హౌసింగ్ లోను మొత్తం కట్టేశారు. బ్యాంకు మాత్రం ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వలేదు. ఎప్పుడు వెళ్లినా "వెతుకుతున్నాం సార్" అనడమే. లోను తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి అని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పింది. అది పట్టుకునే సివిల్ కోర్టుకెక్కాం. జడ్జిగారు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద మీడియేషన్‌కు పంపారు, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోమని. రాజీ అంటే మనం తగ్గడమేగా అని నాన్న మొహం చిట్లించారు.

మీడియేటర్ ఒక సీనియర్ లాయరమ్మ. ముందు అందర్నీ కూర్చోబెట్టి విన్నారు, తర్వాత విడివిడిగా. అక్కడ అన్న మాటలు కోర్టులో వాడకూడదు కాబట్టేమో, మేనేజరు నోరు విప్పాడు: లింకు డాక్యుమెంటు, అంటే ఇల్లు మాకన్నా ముందు ఎవరిదో చూపే పాత దస్తావేజు, పోయిందట! ఆ ముక్క ముందే చెప్పి ఏడిస్తే ఇంతదూరం వచ్చేవాళ్లమా?

చివరికి రాజీ కుదిరింది. దస్తావేజు పోయిందని పేపర్లో ప్రకటన, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు, ఆ ఖర్చంతా బ్యాంకుదే. పరిహారం మేం అడిగినంత కాదు గానీ నాన్న ఒప్పుకునేంత. ఒరిజినల్ మీ దగ్గరే పోయిందని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి అని మాత్రం ఆయన పట్టు వదల్లేదు. రేపు ఇల్లు అమ్మాలంటే కొనేవాడు అడిగేది అదే మరి. కేసు రాజీలో తేలింది కాబట్టి కోర్టు ఫీజు వాపసుకు మా లాయరుగారు అర్జీ పెడుతున్నారు.